పోయినవాళ్ళ క్షేమం

ఇంటిపనికి కువైట్ పోయిన సోనీ ఆ వారమంతా ఆ ఇంట్లోనే పడి ఉందంటే దానికి కారణం నా కోడలు సంహిత. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆదివారం ఫోన్ వచ్చింది. నళినమ్మ ఎట్లున్నదని సోనీ అడిగింది. బాగుందని నా కోడలు చెప్పింది. నళిని నా భార్య. ఆమె పోయి ఏడాది దాటింది.

నాకీ సంగతి బుధవారం పొద్దున తెలిసింది. అది కూడా ఉప్మా వడ్డిస్తూ, తాను చేసిన మంచిపని చెప్పుకున్నట్టు చెప్పింది. పాపం ఆ పిల్లకు అత్తమ్మ పోయిన సంగతి తెలియనట్టుంది, దూరాన ఉన్నది కదా, మోకాళ్ళ నొప్పి కూడా తగ్గిందని చెప్పి సముదాయించాను అంది. నేను ముద్ద పళ్ళెంలోనే వదిలి లేచాను.

నా కొడుకు రాఘవ్ లాప్‌టాప్ మీంచి తల ఎత్తాడు.

"ఏమైంది బాపు?"

"నీ పెండ్లాన్ని అడుగు."

"ఆమె ఏం జేసింది?"

"మీ అమ్మను బతికించింది."

వాడికి అర్థమైంది. లాప్‌టాప్ మూశాడు కానీ నోరు తెరవలేదు. మా వాడు ఇంట్లో మాట్లాడాలన్నా ముందు మీటింగ్ పెట్టుకోవాలి.

హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా ఇంటి ముందు గదిలో నళిని చనిపోయేదాకా 'తోడు' అని ఒక ఆశ్రయం నడిపింది. దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్ళు ఆ గదిలో పడుకున్నారు. సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్ళు లేని పిల్లలు ఆ గదిలో చదువుకున్నారు. బోర్డు పెట్టలేదు. బోర్డు పెడితే మొగుళ్ళు చదువుతారు అనేది.

వంటపనికని గల్ఫ్‌కు పోయే ప్రతి మనిషినీ కూర్చోబెట్టి నళిని ఒకే పాఠం చెప్పేది. అక్కడ ఫోన్ నీ చేతిలో ఉంటుంది, చెవి ఇంటి యజమానురాలు మేడమ్‌ది. పక్కనే నిలబడి వింటుంది. ఏళ్ళ తరబడి మనవాళ్ళను పనికి పెట్టుకున్న ఇళ్ళల్లో హిందీ వస్తుంది, తెలుగులో ఏడుపు మాటలన్నీ వస్తాయి. కొట్టారంటే తెలుసు. ఆకలంటే తెలుసు. మన ఇంట్లో ఎవరు చచ్చారో మాత్రం వాళ్ళకు తెలియదు. కాబట్టి ప్రమాదంలో పడితే, పోయిన మనిషి క్షేమం అడుగు. ఇక్కడ ఫోన్ ఎత్తినవాళ్ళు పోయిన ఇంకొకరి పేరు చెప్పి, వాళ్ళూ బాగున్నారంటారు. అప్పుడు నీ మాట చేరిందని లెక్క.

ఇంతే ఏర్పాటు. పెద్ద పెద్ద సంఘాలకు ఆఫీసులున్నాయి, జీపులున్నాయి. ఇది నా భార్య బియ్యంలో రాళ్ళు ఏరుతూ కనిపెట్టింది. దీని మీదనే మస్కట్ నుంచి, రియాద్ నుంచి ఆడవాళ్ళు ప్రాణాలతో ఇల్లు చేరారు. వాళ్ళ పిల్లలు ఇవాళ కాలేజీలకు పోతున్నారు. దారిలో కనిపిస్తే నాకు నమస్తే పెడతారు. ఆ నమస్తే ఎవరికో నాకు తెలుసు.

నళిని పోయిన సంగతి సోనీకి తెలుసు. నేనే చెప్పాను. అప్పట్లో ఆమె ఫోన్ ఆమె దగ్గరే ఉండేది. అక్కడి నుంచి చాలాసేపు ఏడ్చింది. తన వాళ్ళలో పోయినవాళ్ళు ఎందరో ఉండగా, ఆదివారం నాడు నళిని పేరే ఎత్తింది.

సంహిత వంటింటి గడపలో నిలబడింది. చేతిలో గరిటె అలాగే ఉంది. విషయమంతా రాఘవ్ చెప్పాడు. ఆమె విన్నది.

"నాకెట్ల తెలుస్తది మామయ్యా," అంది.

నేను కిటికీవైపు తిరిగాను.

"మాది జగిత్యాల సైడు. మా ఊర్ల ఇంటికొక్కరు దుబాయ్‌ల ఉంటరు. మా నానమ్మ పోతే మా బాపుకు చెప్పలే. ఆడ ఒక్కడే ఉంటడు, ఏమన్న చేసుకుంటడని భయం. దినాలు గూడ ఆయన లేకుండనే చేసినం. ఫోన్ చేసినప్పుడల్లా నానమ్మ పండుకున్నదని చెప్పుడే. సెలవు మీద ఇంటికొచ్చి, వాకిట్ల నిలబడి అమ్మా అని పిలిచిండు. గప్పుడు చెప్పినం."

చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"మా తాన గిట్లనే చేస్తరు. దూరం ఉన్నోళ్ళకు చావు చెప్పరు. నేను గదే చేసిన."

ఆమె అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. అయితే ఏం. ఆదివారమే సాయం అడిగిన సోనీ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.

"ఆమెకు ఎవ్వరూ చెప్పలేదు బాపు," అన్నాడు రాఘవ్.

"నువ్వెందుకు చెప్పలే? మొగుడివి గదా."

"నాకు యాది లేదు."

"మీ అమ్మ చేసింది యాది లేదా?"

వాడు తల దించుకున్నాడు. సంహిత దించుకోలేదు.

"అత్తమ్మను నేను సూడనే లేదు మామయ్యా. ఫొటోల సూసిన. నేనొచ్చిన కాడికెల్లి మీరు నాతోని మాట్లాడింది ఉప్పు ఎక్కువైందని, కారం తక్కువైందని. గింత సంగతి ఉన్నదని ఒక్కనాడు చెప్తే నాకెందుకు తెల్వదు?"

ఆ మాటకు జవాబు అక్కర్లేదు. నళిని పోయాక తోడు ఫోన్ నేనే చూస్తున్నాను, అది ఎప్పుడూ ముందు గదిలో ఆమె ఫొటో కింద ఉంటుంది. ఆదివారం నేను ఆ ఫొటోకు పూలు తేవడానికి గుడిమల్కాపూర్ పోయాను. ఇంట్లో లేను. మోగిన ఫోన్ తీయాలని ఆమెను ఎవరూ అడగలేదు.

భాగ్యశ్రీకి ఫోన్ చేశాను. ఆమె కువైట్‌లో నర్సు. వరంగల్ పిల్ల. మనవాళ్ళు కొందరు కలిసి అక్కడ ఆడవాళ్ళకు సాయపడే సంఘం ఒకటి నడుపుతున్నారు. నళినికి ఆ చివర చెయ్యి వాళ్ళే. సోనీ ప్రతి శుక్రవారం చర్చికి వచ్చేది, ఈమధ్య రావడం లేదు, మేడమ్ వాళ్ళతో సెలవులకు ఎటైనా పోయిందనుకున్నాం అంది భాగ్యశ్రీ. ఇల్లు తెలుసా అన్నాను. తెలియదంది. వీసా కాగితం మీద ఉన్నది ఏజెంటు ఆఫీసు అడ్రసు. ఏ పేటో తెలుసు, ఆ పేటలో అన్నీ ఒకేలాంటి ఇళ్ళు, పొడుగాటి ప్రహరీలు. ఎంబసీ మనిషిని తీసుకుపోవాలన్నా తలుపు ఏదో తెలియాలి కదా అంకుల్ అంది.

తలుపు ఏదో సోనీ ఒక్కతే చెప్పగలదు. సోనీ ఫోన్ వాళ్ళు లాక్కున్నారు. మేడమ్‌కు మనసైనప్పుడు తన ఫోన్ ఇస్తుంది. మనం చేస్తే ఆమెకు అనుమానం వస్తుంది.

సోనీ తల్లి సుందరమ్మకు ఎవరు చెప్పాలన్నది తర్వాతి మాట. నేనే పోయి చెప్తానన్నాను. చెప్పులు వేసుకునేలోపు సంహిత వాకిలి దాటింది. కార్పొరేషన్‌లో ఊడ్చే పని సుందరమ్మది. ఆ వేళకు అఫ్జల్‌గంజ్ దగ్గర డ్యూటీలో ఉంటుంది. ఆ ఎండలో అక్కడికి పోయి, రోడ్డు మీద నిలబడి, తాను చేసింది తానే ఆమెకు చెప్పింది. ఇద్దరూ ఒకే ఆటోలో దిగారు.

సుందరమ్మ డ్యూటీ కోటుతోనే వచ్చి ముందు గదిలో కూర్చుంది. ఏడవలేదు. సంహితను ఒక్క మాట అనలేదు. నేను అన్నాను. ఇంత పని చేశాక ఇల్లు ఎలా కనుక్కుంటామో ఈ ఇంటి కోడలే చెప్పాలన్నాను.

"లొల్లి తర్వాత పెట్టుకుందం సారు," అంది సుందరమ్మ. "నా బిడ్డ మళ్ళ ఫోన్ చేస్తదా, చెయ్యదా?"

"చేస్తది," అంది సంహిత.

"చేస్తే ఎవరు మాట్లాడాలె?"

నేను మాట్లాడడానికి లేదు. ఇటునుంచి మగ గొంతు వినిపిస్తే మేడమ్ ఫోన్ లాక్కుంటుంది. సుందరమ్మ మాట్లాడితే ఏడుస్తుంది. ఆ సంగతి ఆమే చెప్పింది. మిగిలింది ఒక్కతే. ఆదివారం మాట్లాడిన గొంతు కూడా అదే.

నేను గోడవైపు తిరిగి కొడుకుతో అన్నాను. "రాఘవ్, నీ పెండ్లానికి చెప్పు. వట్టిగ మంచిగున్నదంటే నడువదు. పోయినోళ్ళ పేరు ఇంకొకటి చెప్పాలె. ఆ పేరు సోనీకి తెలిసిందై ఉండాలె."

నా కోడలు నాకు రెండడుగుల దూరంలో ఉంది. రాఘవ్ ఆమెవైపు చూశాడు. "విన్నవా?" అన్నాడు.

"చెవులున్నయి," అంది.

తర్వాత సుందరమ్మ పక్కన చాప మీద కూర్చుని, మీ ఇంట్లో పోయినవాళ్ళు ఎవరెవరని అడిగింది.

"వాళ్ళకేం తక్కువ బిడ్డా," అంది సుందరమ్మ. తల్లి పేరు చెప్పింది. చెల్లెలి పేరు చెప్పింది. చివరకు మొగుడి పేరు చెప్పింది. భిక్షపతి. అఫ్జల్‌గంజ్‌లో మూటలు మోసేవాడు. సోనీ అంటే ప్రాణం పెట్టేవాడు. "తాగినా సరే, బిడ్డకు జిలేబీ తేకుండ ఇంటికి రాలే," అంది. నవ్వింది. నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బుధవారం ఫోన్ రాలేదు.

గురువారం సుందరమ్మ డ్యూటీకి పోలేదు. సోనీ కూతురు ఆశ్రితను బడికి పంపి వచ్చింది. రాఘవ్ సెలవు పెట్టాడు. నలుగురం ముందు గదిలో కూర్చున్నాం. సంహిత మూడుసార్లు చాయ్ పెట్టింది. నేను తాగలేదు. నా గ్లాసు కూడా సుందరమ్మే తాగింది.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. కువైట్ నంబరు. సంహిత స్పీకర్ పెట్టి స్టూలు మీద ఉంచింది. గొంతు వణకలేదు.

"ఆ, సోనీ. తిన్నవా?"

"తిన్న అక్కా." సోనీ గొంతు బొంగురుపోయి ఉంది. వెనకాల ఇంకెవరిదో దగ్గు వినిపించింది. "నళినమ్మ ఎట్లున్నది? మందులు ఏసుకుంటున్నదా?"

సుందరమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

"ఏసుకుంటున్నది. ఇప్పుడే మీ నాయినతోని మాట్లాడింది. భిక్షపతి నాయిన గూడ మంచిగున్నడు. నిన్ను సూడాలంటుండు."

అటువైపు సోనీ ముక్కు ఎగబీల్చింది.

"నాయిన వస్తడా అక్కా?"

"రేపే బయలెల్లుతుండు. తోవ తెల్వక పరేషాన్ అయితుండు. ఎక్కడ దిగాల్నో చెప్పమన్నడు."

"నీలం చారల గొడుగులు ఉంటయి సూడు, గక్కడ దిగమను," అంది సోనీ. ఊళ్ళో చుట్టానికి దారి చెప్పినట్టే చెప్పింది. "వాటికి ఎదురుంగ సందు. రొట్టెలు కాల్చేటోళ్ళ పక్కపొంటి పచ్చ తలుపు. ముసలాయన గదా, చెయ్యి పట్టుకొని ఎవరన్న తోలుకొని రావాలె."

"తోలుకొస్తరు. ఒక్కన్ని పంపుతమా?"

"నాయినను లేట్ చెయ్యొద్దను అక్కా."

మాట అక్కడే తెగిపోయింది.

భిక్షపతి చనిపోయి చాలా కాలమైంది. ఆ గదిలో ఆ ఒక్క నిమిషం, కువైట్‌కు బయలుదేరిన మనిషి ఆయనే. సుందరమ్మ చాప మీదికి ఒరిగి, మొగుడు పోయిననాటి ఏడుపు ఏడ్చింది. సంహిత ఆమె వీపు మీద చెయ్యి వేసింది. సుందరమ్మ ఆ చెయ్యి తీసేయలేదు.

నేను ముంగిట్లోకి వచ్చి భాగ్యశ్రీకి ఫోన్ చేసి మాట పొల్లుపోకుండా చెప్పాను. చారల గొడుగులంటే ఏమిటో నాకు తెలియదు. ఆమెకు తెలుసు. అవి నీళ్ళ ట్యాంకులు అంకుల్, గొడుగుల్లాగే కడతారిక్కడ, ఆ పేటలో ఒక్కచోటే ఉన్నాయి అంది.

శుక్రవారం సాయంత్రం భాగ్యశ్రీ ఫోన్ చేసింది. ఆమె, వాళ్ళ సంఘం పెద్దాయన సామ్యూల్, ఎంబసీ మనిషి ముగ్గురూ పోయి పచ్చ తలుపు కొట్టారట. మేడమ్ మొదట ఆ పేరుగల మనిషే లేదందట. సామ్యూల్ వీధిలో నిలబడి గట్టిగా, "సోనీ, మీ నాయిన పంపిండు," అని కేక వేశాడట. పై అంతస్తు నుంచి సోనీ జవాబు వచ్చిందట. ఇప్పుడు సోనీ ఎంబసీ ఆశ్రయంలో ఉంది.

ఇది ఎక్కడా అచ్చు కాదు. ఎవరూ శాలువా కప్పరు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ నా భార్య చెప్పిన మాట, ఆమె పోయాక కూడా సముద్రం దాటి ఒక తలుపు తెరిపించింది. నాకు అది చాలు.

భాగ్యశ్రీ ఇంకో మాట చెప్పింది. అది చెప్పే ముందు స్పీకర్ ఉంటే తీసేయమంది. తీసేసి చెవికి పెట్టుకున్నాను.

సోనీ ఎడమచేతికి కట్టు ఉందట. ఇస్త్రీపెట్టె పెట్టారట. సోమవారం జరిగిందట.

సోమవారం. ఆదివారం తర్వాతి రోజు.

ఫోన్ సోనీకి ఇవ్వమని, మళ్ళీ స్పీకర్ పెట్టి స్టూలు మీద ఉంచాను. మొదట సుందరమ్మ మాట్లాడింది. తర్వాత ఆశ్రిత మాట్లాడింది. బళ్ళో తనకు వచ్చిన మార్కులన్నీ చెప్పింది. ఆ పిల్లను సంహిత వంటింట్లోకి తీసుకుపోయి బెల్లం ముక్క చేతిలో పెట్టి వచ్చాక, సోనీ నన్ను పిలిచింది.

"బాపు, ఆదివారం అక్క నళినమ్మ మంచిగున్నది అన్నది సూడు. గప్పుడే నాకు పానం లేచొచ్చింది. రెండో పేరు ఎందుకు చెప్పలేదా అనుకున్న. మేడమ్ మీదికే ఒంగి ఇంటుండె, గందుకే అక్క ఉపాయంగ ఆగింది గావచ్చు అనుకున్న. మీకు చేరిందని తెలిసినంక ఏం జేసినా ఓర్చుకున్న. ఫికర్ చెయ్యలే."

సంహిత తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఆ అక్క ఎవరు బాపు?"

"నా కోడలు," అన్నాను.

"నళినమ్మ నేర్పినట్టే మాట్లాడింది."

రాఘవ్ నా ముఖంలోకి చూశాడు. నేను వాడివైపు తిరగలేదు.

ఎప్పుడొస్తున్నావే అని సుందరమ్మ అడిగింది. కాగితాలు వారంలో అవుతాయని భాగ్యశ్రీ అప్పటికే చెప్పింది.

"ఇప్పుడే రాను అమ్మా."

"ఏందే?"

"ఆ ఇంట్ల ఇథియోపియా పిల్ల ఒకతి ఉన్నది. నాకంటే చిన్నది. నేను తలుపు దాటంగనే దాన్ని లోపలికి గుంజుకపోయిన్రు. దానికి ఫోన్ చేస్తానికి ఇంటికాడ ఒక్కలు లేరు. దాని సంగతి నేను చెప్పకుంటే ఎవరు చెప్తరు? నా కాగితాలు ఆపమన్న. సాక్ష్యం చెప్పినంకనే వస్త."

సాక్ష్యం చెప్తే ఎన్నాళ్ళు పడుతుందో తెలియదని భాగ్యశ్రీ వెనకనుంచి అంది. మేడమ్ వాళ్ళు ఎదురు కేసు పెట్టొచ్చని కూడా అంది.

వంటింట్లో ఆశ్రిత, అమ్మ ఏ రోజు వస్తుందని అడుగుతోంది. సుందరమ్మ నళిని ఫొటోవైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. వద్దని చెప్పమంటుందేమో అనుకున్నాను.

"ఈ గదిల కూసోని నేర్చుకున్నది సారు," అంది. "గట్లనే అంటది. వద్దని నేనెట్ల చెప్త?" ఆమె వెన్ను నిటారుగా ఉంది. ఫోన్ మీదికి వంగింది. "ఉండు బిడ్డా. దాన్ని గూడ తీసుకొని రా. నీ బిడ్డను నేను సూసుకుంట."

ఫోన్ పెట్టేశాక ఎవరి దారిన వాళ్ళు లేచారు. ఆశ్రితను వెంటబెట్టుకుని సుందరమ్మ ఇంటికి పోయింది. ముందు గదిలో నేనూ, నా కోడలూ మిగిలాం.

"మామయ్యా, ఆదివారం నేను తెల్వకనే అన్నట్టు సోనీకి చెప్పాలె. లేకుంటే అబద్ధమైతది."

"చెప్పొద్దు."

ఆమె ఈ ఇంటికి వచ్చాక నేను ముఖం చూసి అన్న మొదటి మాట అదే కావచ్చు. ఆమె తత్తరపడింది.

"భాగ్యశ్రీ మీకు చెవిల ఏమో చెప్పింది. సోనీకి ఏమైంది?"

"చెయ్యి కాలింది."

"ఎప్పుడు?"

సందులోంచి కూరగాయల బండివాడి కేక వినిపించింది. ఆమె కదలకుండా నిలబడింది. జవాబు కోసం నా పెదాలనే చూస్తోంది.

నేను ఆమెను క్షమించలేదు. అది నా పద్ధతి కాదు. అయినా సోమవారం అన్న మాట నోట రానివ్వలేదు.

"ఈ సంగతి ఇంక నా తాన ఎత్తొద్దు," అన్నాను. "నువ్వు ఎత్తొద్దు, వాడు ఎత్తొద్దు. నేను మాట్లాడ. ఇయ్యాల గాదు, ఎన్నడు గాదు."